జులైలో డెత్ వ్యాలీకి వెళ్లవచ్చా?
కాలిఫోర్నియాలోని ఈ నేషనల్ పార్కుకు జులైలోనూ వెళ్లవచ్చు. నన్నడిగితే మాత్రం నవంబరు నుంచి మార్చి వరకే మేలు.

1913 జులై 10న ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. లోయ అడుగు సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువ వరకు ఉంటుంది, చుట్టూ నిటారు కొండలు. వేడెక్కి పైకి లేచిన గాలి అవతలికి పోలేక మళ్లీ లోయలోకే దిగుతుంది. దిగుతూ ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. అందుకే రాత్రిళ్లు కూడా ఊరట ఉండదు.

వేసవిలోనే వెళ్లక తప్పదంటే, ఉదయం పది దాటాక లోయలో నడక పెట్టుకోకండి. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు ఉండాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు, జీపీఎస్ ఒక్కోసారి పాడుబడ్డ దారులు చూపిస్తుంది, కాబట్టి కాగితం మ్యాపు తీసుకెళ్లండి. కారు ఆగిపోతే సాయం వచ్చేదాకా దాని దగ్గరే ఉండండి.