వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో నీళ్లు కాచుకునే హీటరు రాడ్డు మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉంది. సాయంత్రం వేళ మా ఊళ్లో వోల్టేజీ 180కి పడిపోతుంది. అప్పుడు బకెట్టు నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుందని పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అంటోంది. మా బోరు మోటారు బాగుచేసే మెకానిక్కేమో కరెంటు పెరుగుతుందనీ, మోటార్లు కాలిపోయేది అందుకేననీ చెబుతున్నాడు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: హీటరు విషయంలో మీ అమ్మాయి మాట, మోటారు విషయంలో మెకానిక్ మాట సరైనవి. ముందుగా ఒక చిన్న చిక్కు విప్పుకోవాలి. ‘కరెంటు పోయింది’, ‘కరెంటు బిల్లు’ అనే మన వాడుకలో కరెంటు అంటే మొత్తంగా విద్యుత్తే. ఈ లెక్కల్లో మాత్రం తీగలో ప్రవహించే విద్యుత్తు ఎంతో చెప్పే, ఆంపియర్లలో కొలిచే రాశినే కరెంటు అంటారు.

రాడ్డు మీద ఉన్న రెండు అంకెలే మనకు చాలు. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం, అంటే వాట్లు వస్తాయి కనుక, 1500ను 230తో భాగిస్తే కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకు తీగ ఎంత అడ్డుపడుతుందో చెప్పే రాశి వస్తుంది కనుక, 230ని 6.52తో భాగిస్తే సుమారు 35.3 ఓములు. ఈ 35.3 ఓములు రాడ్డు లోపలి నిక్రోమ్ తీగ గుణం. అది వేడెక్కినా నిరోధం పెద్దగా మారదు, సాయంత్రం వోల్టేజీ తగ్గినా మారదు. కాబట్టి 180 వోల్టుల దగ్గర కరెంటు 180ని 35.3తో భాగించగా వచ్చే 5.1 ఆంపియర్లే. సామర్థ్యమో, 180ని 5.1తో గుణిస్తే 918 వాట్లు. వోల్టేజీ ఐదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గితే వేడి దాదాపు ఐదింట రెండు వంతులు తగ్గిపోయింది. వోల్టేజీతో పాటు కరెంటూ తగ్గింది కనుక దెబ్బ రెండుసార్లు పడిందన్నమాట.

ఇక బకెట్టు సంగతి. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి సుమారు 16.7 లక్షల జౌళ్ల శక్తి కావాలి. నిండు వోల్టేజీలో సెకనుకు 1500 జౌళ్ల చొప్పున ఆ పని పంతొమ్మిది నిమిషాల లోపే ముగుస్తుంది. 918 చొప్పున అయితే అరగంట పడుతుంది. బిల్లు మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే మీటరు లెక్కపెట్టేది వాట్లను కాదు, వాట్లను కాలంతో గుణించగా వచ్చే యూనిట్లను. రెండు సందర్భాల్లోనూ అది అర యూనిట్‌కు కొంచెం తక్కువే. ఆలస్యమయ్యే కొద్దీ బకెట్టు నుంచి గాలిలోకి పోయే వేడి ఒక్కటే అదనపు ఖర్చు.

మోటారు తీరు వేరు. బావిలోంచో బోరులోంచో అదే లోతు నుంచి నీటిని తోడాలి కనుక దాని మీద భారం దాదాపు అంతే ఉంటుంది, కానీ వోల్టేజీ తగ్గినప్పుడు అది కాస్త వేగం కోల్పోయి, లోటును కరెంటు రూపంలో లాగుతుంది. మోటారు లోపలి తీగ చుట్లలో, అంటే వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది; కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. మోటారును నిరోధంగా భావించి వోల్టేజీని కరెంటుతో భాగించే లెక్క ఇక్కడ చెల్లదు. కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతోందని విసుగుపడి దాన్ని బిగించివేసే వారున్నారు. మోటారును కాపాడుతున్నది అదేనని వారు గ్రహించాలి.

హీటరు నిరోధాన్ని మీరే చూడాలనుకుంటే, ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా తీసిన తరువాతే మల్టీమీటరును ఓముల మీద పెట్టి, రెండు సన్న పిన్నుల మధ్య కొలవండి. 35కు దగ్గరగా రావాలి. సన్న పిన్నుకూ, లావుగా ఉండే ఎర్త్ పిన్నుకూ మధ్య కొద్దిపాటి ఓములు చూపిందంటే తీగ లోపల రాడ్డు లోహానికి తగులుతోందని అర్థం. ఆ రాడ్డును మళ్లీ నీళ్లలో పెట్టవద్దు.

ప్రశ్న: పాత 100 వాట్ల బల్బు నిరోధం లెక్క ప్రకారం 529 ఓములు రావాలి. మల్టీమీటరుతో కొలిస్తే 40 దగ్గరే చూపుతోంది. మీటరు చెడిపోయిందా?
– ఇంటర్మీడియెట్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మీటరు బాగానే ఉంది, మీ లెక్కా తప్పు కాదు. 529 ఓములు వెలుగుతున్న బల్బువి. మీరు కొలిచినవి చల్లగా ఉన్న బల్బువి. లోపలి టంగ్‌స్టన్ తీగ వెలిగేటప్పుడు రెండున్నర వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. స్విచ్ వేసిన తొలి క్షణంలో మాత్రం 230ని 40తో భాగించగా వచ్చే దాదాపు 6 ఆంపియర్ల కరెంటు ఆ చల్లని తీగలోకి దూకుతుంది. స్విచ్ వేయగానే టప్పుమని మాడిపోయిన బల్బులను మన ఇళ్లలో అందరం చూసినవాళ్లమే.

ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం చేయకండి. 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని రాసి ఉన్న టార్చి బల్బు, రెండు సెల్లులు చాలు. ముందు ఒక సెల్లుతో, తరువాత రెండింటితో బల్బు కొసల మధ్య వోల్టేజీని, దానికి వరుసగా కలిపిన మీటరుతో కరెంటును కొలిచి భాగించండి. వోల్టేజీ రెట్టింపైనా కరెంటు రెట్టింపు కాకపోవడం, రెండోసారి ఓములు ఎక్కువ రావడం మీరే గమనిస్తారు.