ట్యాంకర్ల పక్కన కాలనీ, శిక్షణకు డబ్బెక్కడిది?

ప్రశ్న: మాది జీడిమెట్ల పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న కాలనీ. సాయంత్రమైతే యాసిడ్, సాల్వెంట్ ట్యాంకర్లు మా రోడ్డు మీదే ఆగుతాయి. ఒకటే టెన్షన్. అమెరికాలో ఇలాంటి ప్రమాదాలకు ముందే ప్లాన్ వేసుకోవడానికి, ఫైర్ సిబ్బంది శిక్షణకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని అక్కడున్న మా తమ్ముడు అంటున్నాడు. మన కుర్రాళ్లకు అలాంటిది వస్తుందా?
– కాలనీ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. 1990 నాటి చట్టం ప్రకారం అక్కడ ప్రమాదకర సరుకు పంపేవాళ్లు, మోసేవాళ్లు రవాణా శాఖలో రిజిస్టర్ చేసుకుని ఫీజు కడతారు. ఆ సొమ్మే గ్రాంటుగా రాష్ట్రాలకు, ఆదివాసీ తెగలకు వెళ్తుంది. ఎవరి సరుకుతో ముప్పో వాళ్ల డబ్బుతోనే శిక్షణ. ఇది చాలా న్యాయమైన పద్ధతి, మనకూ రావాలి. ఇక్కడ 2023లో కేంద్రం ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకు 5,000 కోట్ల పథకం పెట్టింది. అది రాష్ట్ర ప్రభుత్వాలకే.

నా మాట వింటే మీరు ముందు మాక్ డ్రిల్ అడగండి. 1996 రసాయన ప్రమాదాల నిబంధనల ప్రకారం ఆర్డీవో స్థాయిలో లోకల్ క్రైసిస్ గ్రూప్, అంటే ఇలాంటి ప్రమాదాలకు సిద్ధంగా ఉండే స్థానిక కమిటీ, ఉండాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ దానికి మెంబర్ సెక్రటరీ. ఫైర్, పోలీసు అధికారులతో పాటు స్థానిక డాక్టర్లకు, సామాజిక కార్యకర్తలకు, చివరికి స్థానిక పత్రిక ఎడిటర్‌కు కూడా అందులో చోటుంది. ఆరు నెలలకోసారి పూర్తి స్థాయి డ్రిల్ చేయాలి. పోయినసారి ఎప్పుడు చేశారు, మా వైపు నుంచి సభ్యులెవరు అని ఇన్‌స్పెక్టర్‌కు ఉత్తరం రాయండి. కలెక్టర్‌కు ఒక కాపీ పెట్టండి, ఫ్యాక్టరీ బయటి జనానికి సంబంధించిన ఆఫ్‌సైట్ ప్లాన్ ఆయన బాధ్యత.

పటాన్‌చెరు వైపు సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. సైరన్ మోగించి, గేటు దగ్గర తలలు లెక్కపెట్టి, ఫొటో దిగి లోపలికి వెళ్లిపోయే డ్రిల్స్ చాలా చూశాను. గోడ అవతలి కిరాణా కొట్టాయనకు ఆ సైరన్ ఎందుకో చెప్పేవాళ్లే లేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మింది ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లనే కదా!

ఈలోగా మీ కుర్రాళ్లకు ట్యాంకర్ మీది బోర్డు చదవడం నేర్పండి. రసాయనం పేరు, అది ఏ సరుకో చెప్పే నాలుగంకెల యూఎన్ నంబర్, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే హజ్‌కెమ్ కోడ్, ఎమర్జెన్సీ ఫోన్ నంబర్ దాని మీద ఉంటాయి. 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్, 1017 అంటే క్లోరిన్. కోడ్ చివర ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి రావచ్చు. క్లోరిన్ గాలి కంటే బరువు, సెల్లార్‌లోకి అస్సలు దిగకూడదు. గాలి వీచే దారిలోంచి పక్కకు తప్పుకుని ఎత్తైన చోటికి వెళ్లాలి. లీకైతే దగ్గరికి పోకుండా, దూరం నుంచి కనిపిస్తేనే నంబర్ చూసుకోండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఏ రోడ్డు, గాలి ఎటు వీస్తోంది, బోర్డు మీద ఏ అంకెలున్నాయి, ఈ మూడూ చెప్పండి.