అమ్మాయి సొమెలియర్ అవుతానంటోంది, ఏం చెప్పమంటారు?

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ అయ్యాక ఇటలీలో పొల్లెంజోలో ఫుడ్ మీద మాస్టర్స్ చేస్తోంది. మొన్న వీడియో కాల్‌లో చూస్తే రూమ్‌లో టేబుల్ మీద వైన్ బాటిల్, టిమొరాస్సో అట, గ్లాసులో పోసి వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి మగ్గులో ఉమ్మేసి ఏదో రాసుకుంటోంది. ఇదే నా కెరీర్ నాన్నా, సొమెలియర్ (రెస్టారెంట్‌లో వైన్ ఎంచి, కస్టమర్‌కి చెప్పి ఇచ్చే నిపుణురాలు) అవుతా అంటోంది. వాళ్ళమ్మ రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. ఏం చెప్పాలి?

జవాబు: సార్, మీ అమ్మాయి ఉమ్మేసింది చూశారా, అక్కడే మీ సగం భయం పోవాలి. తాగడానికి కూర్చున్నవాళ్ళు ఎవరూ ఉమ్మరండీ. ఈ పని చేసేవాళ్ళు రోజుకి పదుల కొద్దీ వైన్లు రుచి చూడాలి, మింగితే మూడో గ్లాసుకే ముక్కూ నాలుకా పనిచేయవు, అందుకే ఉమ్మడం మొదటి రోజు నుంచే నేర్పిస్తారు.

ఇంకోటి, ఆ అమ్మాయి తెచ్చుకున్న బాటిల్ చూడండి. ఇటలీలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా ప్రొసెక్కో, పినో గ్రీజో దొరుకుతాయి, అవి వదిలేసి టిమొరాస్సో తెచ్చుకుందంటే ఎవరో చెప్పగా విని వెతుక్కుని తెచ్చుకున్నట్టే. ఇది తను ఉంటున్న పీడ్‌మాంట్ ప్రాంతంలోనే, టొర్టోనా చుట్టూ ఉన్న కొండల్లో పండే తెల్ల ద్రాక్ష. ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు పిందె రాలిపోతుంది, అందుకని రైతులు పీకేసి కోర్టేసే లాంటి వేరే ద్రాక్షలు వేసుకున్నారు, 1980ల నాటికి దాదాపు కనుమరుగైపోయింది. మోన్‌లేయాలేలో వాల్టర్ మాస్సా అనే రైతు పట్టుబట్టి 1987లో దీంతో విడిగా వైన్ చేశాడు, తర్వాత చుట్టుపక్కల వాళ్ళూ మళ్ళీ వేశారు, ఇప్పుడు టొర్టోనా పాత రోమన్ పేరు డెర్తోనా అనే పేరుతో అమ్ముతున్నారు. రేపు రెస్టారెంట్‌లో కస్టమర్‌కి చెప్పి అమ్మాల్సింది ఇలాంటివే, ఊరూ రైతూ తెలిసి ఉండాలి.

ఇంట్లో చేసే ప్రాక్టీసుకి ఒక పద్ధతి ఉంది, తనకి చెప్పండి. ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే చూడొద్దు, మరీ చల్లగా ఉంటే వాసన రాదు, కాసేపు బయట పెట్టాలి. గ్లాసులో మూడో వంతే పోసి తెల్ల కాగితం మీదకి వంచి రంగు చూడాలి, తిప్పకుండా ఒకసారి తిప్పి ఒకసారి వాసన చూడాలి, ఉమ్మేశాక నాలుక పక్కల నీళ్ళు ఎంతసేపు ఊరుతున్నాయో గమనించాలి, పచ్చి మామిడికాయ కొరికినట్టు ఊరితే పులుపు ఎక్కువని అర్థం. టిమొరాస్సోలో ఆ పులుపు గట్టిగానే ఉంటుంది, అయినా నోట్లో బరువుగా తగులుతుంది, వయసొచ్చిన కొద్దీ తేనె వాసన, ఒక్కోసారి కిరోసిన్ లాంటి వాసన కూడా వస్తుంది, అది చెడిపోయిందని కాదు. మిగిలిన బాటిల్‌కి మూతపెట్టి మర్నాడు మళ్ళీ చూసి రెండు రోజుల నోట్సూ పక్కపక్కన పెట్టుకోమనండి. వైన్‌లో పళ్ళ వాసనలు గుర్తుపట్టాలి కాబట్టి అక్కడి సంతలో క్విన్స్, పేర్, ఆప్రికాట్ పళ్ళు కొని వాసన చూడటం కూడా చదువులో భాగమే, మన పిల్లలకి అవి చిన్నప్పటి నుంచి తెలిసిన వాసనలు కావు కదా.

సర్టిఫికెట్ల సంగతికొస్తే లండన్ వాళ్ళ డబ్ల్యూఎస్ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) కోర్సు చాలా దేశాల్లో నడుస్తుంది, లెవెల్ 2 అయ్యాక లెవెల్ 3 రాయాలి, అందులో రాతపరీక్షతో పాటు పేరు చెప్పకుండా ఇచ్చే రెండు వైన్లు రుచి చూసి రాయాలి. ఇటలీలోనే స్థిరపడాలంటే 1965లో పుట్టిన ఇటాలియన్ సొమెలియర్ల సంఘం కోర్సు ఉంది, మూడు లెవెల్స్, కానీ ఇటాలియన్ బాగా రావాలి. మాస్టర్ ఆఫ్ వైన్ అని ఈ రంగంలో చాలా పెద్ద అర్హత ఉంది, మన దేశం నుంచి అది మొదట సాధించింది ఒక ఆవిడే, సోనాల్ హోలండ్, 2016లో అయ్యారు, వాళ్ళమ్మకి ఆ సంగతి చెప్పండి.

కష్టాలు కూడా దాచను. మొదట్లో పని అంటే సెల్లార్‌లో పెట్టెలు మోయడం, స్టాక్ లెక్కలు, గ్లాసులు తుడవడం, పండగలకీ శని ఆదివారాలకీ సెలవు ఉండదు, అర్ధరాత్రి దాకా నిలబడాలి. హైదరాబాద్‌లో ఇలాంటి పోస్టులు చాలా తక్కువ, ముంబై, ఢిల్లీ, బెంగళూరు పెద్ద హోటళ్ళు, ఇంపోర్టర్లు, నాసిక్ వైనరీలు, లేదంటే దుబాయ్, క్రూయిజ్ షిప్పులు. పెళ్ళి సంబంధాలప్పుడు ఏం చెప్పాలి అన్న భయం మీరు రాయలేదు గానీ ఉంటుందని నాకు తెలుసు, దాని కోసం ఇప్పుడే పిల్లని ఆపకండి సార్, ఇది చదువుకుని చేసే ఉద్యోగం. ఒక్కటి మాత్రం అడగండి, ప్రాక్టీస్ లేని రోజుల్లో ఒక్కతే కూర్చుని తాగుతోందా అని, లేదా మీ ఇంట్లో ఎవరికైనా మందు అలవాటుతో ఇబ్బంది ఉందా అని. జవాబు అవును అయితే వేరే దారి వెతకాలి, అందులో మొహమాటం వద్దు.

లేదంటే ఇలా చేయండి, లక్షలు పోసి పెద్ద కోర్సులు ఇప్పుడే కట్టొద్దు. ఈ చదువు పూర్తి చేస్తూ లెవెల్ 2 రాయమనండి, స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు కాబట్టి ఏదైనా వైన్ బార్‌లోనో ద్రాక్షతోటలోనో పనిచేయమనండి, సెప్టెంబర్‌లో అక్కడ కోతలు మొదలవుతాయి. ఒక సీజన్ నడుం వంచి పనిచేశాక కూడా ఇదే కావాలంటే అప్పుడు లెవెల్ 3 ఫీజు మీరే కట్టండి.