ముందు మీ ఖాతాకు మీ ఫోన్ నంబర్ పెట్టించుకోండి

"పెళ్లయి తొమ్మిదేళ్లయింది. సంపాదిస్తున్నాను గానీ లెక్కలన్నీ మా ఆయనే చూస్తారు. ఇకనుంచి నా డబ్బు నేనే చూసుకోవాలనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఆడవాళ్లకు నమ్మకంగా సలహా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఉన్నారు. వాళ్ల సంగతి చెబుతాను. దానికంటే ముందు ఒకటి చూసుకోండి. మీ బ్యాంకు ఖాతాకు ఎవరి ఫోన్ నంబర్ ఉంది? మీ ఆయనదైతే సలహాదారు దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ముందు నంబర్ మార్పించండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా నాన్న ఊళ్లో స్థలం అమ్మినప్పుడు నా వాటాగా 3 లక్షలు ఇచ్చారు. ఎఫ్‌డీ వేశాను. 2018 జనవరిలో దాని గడువు అయిపోతే రెన్యువల్ చేయించడానికి బ్రాంచ్‌కి వెళ్లాను. కౌంటర్‌లో ఆయన నన్ను పక్క టేబుల్‌కి పంపారు. అక్కడ ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. "ఎఫ్‌డీ ఎందుకు మేడమ్, ఇంతకంటే మంచిది ఉంది, ఐదేళ్లు కదపకపోతే చాలు" అంది. నాకు రెండో గంటకి క్లాసు ఉంది. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను.

చివర్లో ఓటీపీ కావాలంది. అది మా వారి ఫోన్‌కి వెళ్లింది. ఖాతా తెరిచినప్పుడు నాకు సొంత ఫోన్ లేక ఆయన నంబరే ఇచ్చాం, అదే ఉండిపోయింది. ఆయనకి ఫోన్ చేశాను. సైటు దగ్గర ఉన్నారు, వెనక కాంక్రీట్ మిల్లర్ తిరుగుతున్న చప్పుడు. "బ్యాంకులోనే ఉన్నావుగా" అని ఒకసారి అడిగి అంకెలు చదివి చెప్పారు. ఆ అంకెల పైన ఒక వాక్యం ఉంది: ఏటా ప్రీమియం 3,00,000, పదేళ్లు. అది ఆయన చదవలేదు. నా కంట పడే అవకాశమే లేదు. అప్పుడు నా జీతం నెలకు 32 వేలు.

నేను సంతకాలు పెట్టింది బీమా పాలసీకన్నమాట. ఆ పాలసీ బాండు మేం ఖాళీ చేసి వచ్చేసిన విద్యానగర్ ఇంటికి వెళ్లింది. బాండు చేతికి అందాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి అప్పట్లో 15 రోజుల గడువు ఉండేది. 2024 నుంచి 30 రోజులు చేశారు. బాండే చూడని మనిషికి ఏ గడువైతే ఏం? మరుసటి ఏడాది ప్రీమియం కట్టమని మెసేజ్‌లు మొదలయ్యాయి, అవీ ఆయన ఫోన్‌కే. మా వారు చెడ్డవారు కాదు. రోజంతా వచ్చే ప్రకటనల్లో ఇదీ ఒకటనుకున్నారు. నాకు తెలిసేసరికి ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయిపోయింది. రూల్స్ ప్రకారం మీకేమీ రాదన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న డబ్బు అది.

కంపెనీకి ఫిర్యాదు రాస్తే ఓటీపీతో ఒప్పుకున్నారు కదా అని తోసిపుచ్చారు. అప్పుడు లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకి వెళ్లాను. బీమా కంపెనీల మీద మన ఫిర్యాదులు విని తేల్చేది వాళ్లే. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, మన కాగితాలతో మనమే మాట్లాడుకోవచ్చు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి. పాలసీ కోసం నింపిన ప్రపోజల్ ఫారం కాపీ తెప్పిస్తే అందులో నా వార్షికాదాయం 12 లక్షలని రాసి ఉంది, అది నా చేతిరాత కాదు. నా జీతం స్లిప్పులు పక్కన పెట్టి చూపించాను. మొత్తానికి అసలు వెనక్కి వచ్చింది. వడ్డీ రాలేదు.

తర్వాత మా స్టాఫ్‌రూమ్‌లో ఏడుగురు లేడీ లెక్చరర్లను అడిగాను. ఐదుగురి ఖాతాలకు భర్త నంబరో అన్న నంబరో ఉంది. ఊరంతా ఇదే పరిస్థితని నా గట్టి నమ్మకం. నంబర్ మార్పించడానికి వెళితే బ్రాంచ్‌లో ఏమన్నారో తెలుసా? "సార్‌ని కూడా ఒకసారి తీసుకురండి మేడమ్." ఖాతా నా ఒక్కదాని పేరు మీద ఉంది! ఆధార్ చూపించి, సంతకం పెడితే చాలు. మీకూ అలాగే చెబితే అది ఏ రూలో కాగితం మీద రాసివ్వమనండి. నాకైతే ఆ మాటతో పని అయిపోయింది.

మా పెద్దమ్మ వాళ్లది నెల్లూరు జిల్లా. 1992 సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడ ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టుకున్నారు. పెద్దమ్మకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కానీ పాస్‌బుక్కు ఎప్పుడూ తన పెట్టెలోనే ఉండేది, అందులో ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఎమ్మెస్సీ చదివిన నాకు నా ఎఫ్‌డీ సంగతి మరొకరి ఫోన్‌లో ఉంది. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇక సలహాదారు. పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గరికే వెళ్లండి. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో పేరు వెతికి సరిచూసుకోవచ్చు. వాళ్లు మన దగ్గర ఫీజు తీసుకుంటారు. ఏజెంటుకు, డిస్ట్రిబ్యూటరుకు కంపెనీ కమీషన్ ఇస్తుంది. అలాంటి ఒకావిడకి నేను 2020లో 9 వేలు ఇచ్చాను, మా వదిన "మాట్లాడినందుకు అంత డబ్బా" అంది. ఉచితంగా మాట్లాడిన అమ్మాయి నాకు ఏం చేసిందో వదినకు గుర్తు చేశాను.

ఆ సలహాదారు రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో, ఏటా వీలైనంత ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేసుకోమన్నారు. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు, గడువు 15 ఏళ్లు, జాయింటుగా తెరవడానికి ఉండదు. నాకు బాగా పనికొచ్చింది మాత్రం మరో మాట. మా వారిది కాంట్రాక్టు పని, అప్పులు తప్పవు. ఆయన టర్మ్ పాలసీ (తనకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా) తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించమన్నారు. అలా చేస్తే ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకున్నాక అడిగితే కుదరదు. ఇంత పాత చట్టం గురించి మా చుట్టాల్లో ఒక్క ఏజెంటు కూడా మాకు చెప్పలేదు, ఎందుకో నాకు అర్థం కాదు.

మీ ఆయన ఏమనుకుంటారో అని భయపడుతున్నట్టున్నారు. చాటుగా చేయకండి, చెప్పే వెళ్లండి. మా వారు మొదట చిన్నబుచ్చుకున్నారు. వారం తర్వాత తన పాలసీల కాగితాలు కూడా తెచ్చి నా ముందు పెట్టారు.

నంబర్‌తో పాటు అడ్రస్ కూడా అదే రోజు మార్పించండి. నేను అది మరిచిపోతే కొత్త డెబిట్ కార్డు మళ్లీ విద్యానగర్ ఇంటికే వెళ్లింది. ఓనర్ ఆంటీ తీసి దాచి, ఫోన్ చేసి చెప్పబట్టి నాకు అందింది.