వెన్నుపాము గాయం తర్వాత వచ్చే ఇబ్బందులకి ఏ డాక్టర్‌కి చూపించాలి?

ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడిన మీ తమ్ముడికి ఆపరేషన్ అయి ఏడాది. ఛాతీ దగ్గర్నుంచి కిందికి స్పర్శ లేదు. మాటిమాటికి యూరిన్ ఇన్ఫెక్షన్, పిరుదు మీద పుండు, ఒక్కోసారి విపరీతమైన తలనొప్పి, ముఖమంతా చెమటలు. ఎవరికి చూపించాలని అడిగారు.

ముందు ఆ తలనొప్పి సంగతి. గాయం ఆరో ఛాతీ వెన్నుపూస స్థాయిలోగానీ ఆ పైనగానీ ఉన్నవాళ్లకి మూత్రాశయం నిండినా, మలం గట్టిపడినా కింద రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. లుంగీ ముడి వదులు చేసి, యూరిన్ పైపు మెలిపడిందేమో, మంచం కోడు కింద నలిగిందేమో చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఇలాంటివాళ్లకి పై బీపీ మామూలుగా 90–110 మధ్యే ఉంటుంది, కాబట్టి 140 అన్నా ఎక్కువే. ఆ మాట డ్యూటీ డాక్టర్‌కి మీరే చెప్పాలి.

ఇక డాక్టర్. ఆపరేషన్ చేసిన సర్జన్ ఒక్కరే చాలరు. ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్, అంటే పీఎంఆర్ డాక్టర్ కావాలి. ఇలాంటి గాయాల తర్వాత మనిషి మళ్లీ తన పనులు తాను చేసుకునేలా వైద్యం చూసే స్పెషలిస్టు. ఫిజియోథెరపిస్టు వేరు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మూత్రానికి యూరాలజిస్టు, లోతైన పుండుకి ప్లాస్టిక్ సర్జన్. ఈ రెండు విభాగాలూ విశాఖ కేజీహెచ్‌లో ఉన్నాయి. అన్నీ ఒకేచోట కావాలంటే వెల్లూరు సీఎంసీ. వాళ్ల రీహాబ్ కేంద్రం 1966 నాటిది. రైలైతే కాట్పాడిలో దిగాలి. డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్ఐ ఫిల్ములు, తేదీలతో పుండు ఫొటోలు పట్టుకెళ్లండి.