చలి దేశంలో దోశపిండి పులవాలంటే

తమ్ముడూ, మ్యూనిక్ వచ్చి రెండు నెలలైనా పిండి పులవట్లేదు, పెరుగు తోడుకోవట్లేదు, ఇల్లు గుర్తొచ్చి అన్నం సయించట్లేదు అన్నావు కదా, నాకూ మొదటి చలికాలం అచ్చం ఇలాగే గడిచింది. తప్పు నీ చేతిది కాదు, చలిది. పిండికి 28-30 డిగ్రీల వేడి కావాలి, మన రూముల్లో 20 దాటదు.

ఓవెన్‌ని 50 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఆన్ చేసి ఆపేసెయ్, లోపల గోరువెచ్చగా ఉండగానే గిన్నె పెట్టి మూసెయ్, లోపల పాత రకం బల్బు ఉంటే లైట్ వేసి వదిలేసినా చాలు, ఎల్‌ఈడీ అయితే వేడి రాదు. రుబ్బేటప్పుడు గుప్పెడు అటుకులు, చెంచా మెంతులు మర్చిపోకు, 12 గంటలకి పొంగకపోతే ఇంకో ఆరేడు గంటలు ఆగు, పారబోయకు ప్లీజ్.

పెరుగుకైతే పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి దిగాక, ఇక్కడి షాపుల్లో దొరికే 3.5 శాతం కొవ్వున్న నాటూర్‌యోగుర్ట్ (అంటే ఏమీ కలపని సాదా పెరుగు) ఒక చెంచా కలిపి, గిన్నెకి తువ్వాలు చుట్టి అదే ఓవెన్‌లో పెట్టు. తీపి కలిపింది మాత్రం తేవద్దు.

ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకో. ఇంకోటి, చలికాలంలో ఇంటికీ మనకీ నాలుగున్నర గంటలే తేడా, నువ్వు సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ చేస్తే అక్కడ అమ్మ రాత్రి వంట ముగిస్తూ ఉంటుంది, ఫోన్ పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి వండండి, నాకైతే మందులా పనిచేసింది. ఈసారి పిండి పొంగిందో లేదో తప్పకుండా చెప్పు.