చేరింది మీ ఇష్టమే, మరి మానడం?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. చేరేటప్పుడు డిగ్రీ, పీజీ ఒరిజినల్స్ తీసుకున్నారు. ఇప్పుడు మానేస్తానంటే, వచ్చే ఏడాదికీ బాండు రాస్తేనే అవి ఇస్తామంటున్నారు. మధ్యలో మానితే లక్ష కట్టాలట. మా ఆయనేమో "నిన్నెవరన్నా మెడబట్టి చేర్చినారా? ఇష్టపడే కదా చేరింది" అంటాడు. ఇది బలవంతం కిందికి రాదా?
– ఒక లెక్చరర్

జవాబు: అమ్మా, మీ ఆయన మాటలో సగం న్యాయం ఉంది. ఇష్టపడి ఒప్పుకున్నదానికి కట్టుబడాలని, మనిషి స్వేచ్ఛే ముఖ్యమనే ఉదారవాదులూ చెబుతారు. కానీ ఆయన మీరు లోపలికి పోయిన దారే చూస్తున్నాడు. నేనైతే బయటికొచ్చే దారి ఉందా అని చూస్తాను.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ చదవండి. ఒప్పందం చేయించుకోవాలని ఒకరి వస్తువును అన్యాయంగా పట్టి ఉంచుకోవడం కూడా బలవంతమేనని అందులో ఉంది. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని సంతకం చెయ్యమనడం అదే కదా. అలా చేయించుకున్న ఒప్పందాన్ని కాదనే హక్కు 19వ సెక్షన్ మీకిస్తుంది.

అలాగని బాండ్లన్నీ చెల్లవనుకోకండి. మూడేళ్లలోపు మానితే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ ఉద్యోగి డబ్బు కట్టి వెళ్లిపోయాడు. అక్కడ ధర ఉంది గానీ, దారీ ఉంది. మీకు దారే మూసేశారు.

మనిషి కాకుండా అవసరమే మెడబట్టి తోస్తేనో? స్వేచ్ఛా మార్కెట్‌ను వెనకేసుకొచ్చిన ఆర్థికవేత్త హయెక్, బలవంతమనాలంటే బలవంతపెట్టే మనిషంటూ ఒకడుండాలన్నాడు. ఎడారిలో ఉన్న ఒకే ఒక్క నీటి ఊట యజమాని, నీళ్లు కావాలంటే నా షరతులు ఒప్పుకోమంటే మాత్రం అది బలవంతమేనని ఆయనే ఒప్పుకున్నాడు. అనంతపురం వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో జస్టిస్ భగవతి ఇంకా ముందుకు పోయారు. గతిలేక కనీస వేతనం కన్నా తక్కువకు చేసే పని, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి లాంటిదేనన్నారు. కర్నూలు జిల్లా కోసిగి నుంచి పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ తీర్పే గుర్తొస్తుంది.

ఇక మీ పని. ఒరిజినల్స్ తీసుకున్నట్టు రసీదు ఉందా? లేకుంటే "సార్, నా పీజీ ఒరిజినల్ ఎప్పుడిస్తారు?" అని వాట్సాప్‌లో మామూలుగా అడగండి. వచ్చే జవాబే సాక్ష్యం. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టండి. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈలోగా ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటోంది. ఫోను, ఆధార్ కార్డు తీసి పెట్టినాము. కన్నవాళ్లకు ఆ మాత్రం హక్కు లేదా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: లేదు సార్. మేజరైన మనిషి ఎవరిని చేసుకోవాలన్నది వాళ్లిష్టమేనని కేరళ యువతి హాదియా పెళ్లి కేసులో 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలగండి, పెళ్లికి రానని చెప్పండి, అది మీ స్వేచ్ఛ, ఎవరూ కాదనరు. ఫోను, ఆధార్ మాత్రం ఈ రోజే అమ్మాయి చేతికివ్వండి.